ప్లాస్టిక్ కరగకుండా తిప్పడం: స్కేల్ మోడల్ పనిలో రోటరీ టూల్, లేత్

ఏటికొప్పాకలో లక్క బొమ్మల తయారీ చూసినవాళ్లకు ఈ పనిలోని అసలు చిక్కు చెప్పకుండానే తెలుస్తుంది. లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్కను అదిమి పడితే, రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. అక్కడ ఆ వేడి కావాలి. మన స్కేల్ మోడల్ కిట్లలో (విమానాలు, ట్యాంకుల చిన్న నమూనాలు అతికించుకునే సెట్లు) ఉండే పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌కి మాత్రం అదే వేడి శత్రువు. సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది గట్టిదనం వదిలేస్తుంది. రోటరీ టూల్ (చేతిలో పట్టుకుని చిన్న బిట్లను తిప్పే మోటార్) బిట్ ఒకే చోట తిరిగితే అంత వేడి పుట్టడానికి రెండు మూడు సెకన్లు చాలు. చెక్కుదామని పెట్టిన చోట ప్లాస్టిక్ మెత్తబడి, బిట్ పళ్లలో జిగురులా ఇరుక్కుని, పక్కనే ముద్దలా పేరుకుంటుంది. ఏ బిట్ కొనాలి, ఎంత వేగం పెట్టాలి, ఎప్పుడు మోటార్ కట్టేసి చేత్తో చేసుకోవాలి అన్నవన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూ తిరిగేవే.

ముందు చిన్న లెక్క

అందరూ ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) గురించే మాట్లాడతారు కానీ ప్లాస్టిక్‌ని కరిగించేది బిట్ అంచు వేగం. బిట్ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 3.14తో, ఆర్‌పీఎంతో గుణించి 1000తో భాగిస్తే, అంచు నిమిషానికి ఎన్ని మీటర్లు రాసుకుపోతోందో వస్తుంది. 2 మి.మీ. గుండ్రటి బర్‌ని (పళ్లతో చెక్కే బిట్) 5,000 ఆర్‌పీఎం మీద తిప్పితే సుమారు 31 మీటర్లు. అదే డయల్ మీద 13 మి.మీ. సాండింగ్ డ్రమ్ పెడితే 204 మీటర్లు. డయల్ కదలలేదు, రాపిడి మాత్రం ఆరున్నర రెట్లయింది. డ్రమ్ పెట్టగానే రెక్క అంచు కరిగిపోయిందని చాలామంది అనడానికి కారణం ఇదే.

స్టైరీన్‌కి, అంటే మన పాలీస్టైరీన్‌కి, నేను పెట్టుకున్న హద్దు నిమిషానికి 30 మీటర్ల దరిదాపులు. 50 దాకా జాగ్రత్తగా వెళ్లొచ్చు. ఆపైన ఎంత తేలిక చేతితో పట్టినా కరుగుతూనే ఉంటుంది.

ఏ టూల్ కొనాలి

బజారులో దొరికే 220 వోల్టుల రోటరీ టూల్స్‌లో కొన్ని 5,000 నుంచి, కొన్ని 10,000 ఆర్‌పీఎం నుంచి మొదలవుతాయి. గరిష్ఠం 30,000 పైచిలుకు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసేది ఆ గరిష్ఠాన్నే. మనకు కావలసింది కనిష్ఠం. కొనే ముందు దాన్ని అడగండి. 10,000 దగ్గర మొదలయ్యేది లోహం కోతకు, రెసిన్‌కి (అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్) పనికొస్తుంది కానీ స్టైరీన్‌తో ఎప్పుడూ పేచీయే. కొంతమంది వేగం తగ్గించడానికి మధ్యలో ఫ్యాన్ రెగ్యులేటర్ పెడతారు. లోపల ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోల్ ఉన్న టూల్‌కి ఆ పని చేయకండి, సర్క్యూట్ పోతుంది.

నన్నడిగితే డెంటల్ ల్యాబుల వాళ్లు వాడే మైక్రోమోటార్ మేలు. కంట్రోల్ బాక్స్ విడిగా ఉంటుంది, చేతిలో పట్టుకునే భాగం లావు పెన్నంత. వేగాన్ని చాలా కిందికి దించొచ్చు, దించినా తిప్పే బలం పూర్తిగా పోదు. చాలా సెట్లకు కాలి పెడల్ కూడా వస్తుంది. రెండు చేతులూ పని మీద ఉన్నప్పుడు కాలితో ఆపగలగడం ఎంత హాయో వాడితేనే తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠిలోని సర్జికల్, డెంటల్ సామాన్ల దుకాణాల్లో అడిగి చూడొచ్చు.

బర్లు కూడా డెంటల్ ల్యాబు రకాలే కొనండి. కట్టుడు పళ్ల సెట్లు చేసేది ఆక్రిలిక్ ప్లాస్టిక్‌తో. దాన్ని చెక్కడానికని ప్రత్యేకంగా చేసిన టంగ్‌స్టన్ కార్బైడ్ ట్రిమ్మర్లు ఉంటాయి. పళ్లు పెద్దవి, మధ్య సందులు లోతు, పొట్టు బయటికి పోవడానికి దారి ఉంటుంది. ఆన్‌లైన్‌లో వంద బిట్ల సెట్టు అని చవగ్గా వచ్చే వాటిలో సగం గ్రైండింగ్ రాళ్లు, డైమండ్ పూతలే. అవి గాజుకు, లోహానికి బాగుంటాయి. స్టైరీన్ తగలగానే వాటి గరుకు మూసుకుపోయి, అక్కణ్నుంచి కోత ఆగి ఒట్టి రాపిడే మిగులుతుంది.

కొనేటప్పుడు కాడ కొలత చూసుకోండి. డెంటల్ ల్యాబు బర్ల కాడ 2.35 మి.మీ., మామూలు రోటరీ టూల్ బిట్ల కాడ 3.2 మి.మీ. రోటరీ టూల్‌లో డెంటల్ బర్ పెట్టాలంటే 2.4 మి.మీ. కొలెట్ (బిట్ కాడను పట్టుకునే బిగింపు) విడిగా కొనాలి. వదులు కొలెట్‌లో బలవంతంగా బిగిస్తే బర్ ఊగుతుంది, ఊగే బర్ గీతలు పెడుతుంది.

ప్రాణం, కళ్లు

కళ్లద్దాలు తప్పనిసరి, అవీ పక్కల నుంచి కూడా మూసి ఉండేవి. రెసిన్ చెక్కుతుంటే ఎన్95 మాస్కు లేకుండా కూర్చోవద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. చున్నీ, పొడుగు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు తిరిగే చక్ (ముక్కను దవడలతో పట్టుకుని తిప్పే బిగింపు) దగ్గరికి రాకూడదు. గ్లవ్స్ కూడా వద్దు, చక్‌లో చిక్కుకుంటే చేతిని కూడా లాక్కుపోతాయి. లేత్ చక్ తాళంచెవిని బిగించిన వెంటనే బల్ల మీద పెట్టేయండి. చక్‌లోనే మరచిపోయి స్విచ్ వేస్తే అది ఎటు ఎగురుతుందో చెప్పలేం.

మొదటి పని: అంచు పలచన చేయడం

రోటరీ టూల్ కొన్నవాళ్లు మొదట ఈ పనితో చెయ్యి అలవాటు చేసుకోవాలి. 1/35 స్కేలులో ట్యాంక్ ఫెండర్ 1 మి.మీ. మందం ఉందంటే, నిజంలో 35 మి.మీ. రేకు అన్నమాట! అసలు ఫెండర్ రేకు రెండు మూడు మిల్లీమీటర్లే. స్కేలులో 0.1 మి.మీ. కూడా రాదు. అంత పలచగా అచ్చు పోయడం కిట్ చేసేవాళ్ల వల్ల కాదు. మొత్తం పలచన చేయడం మనకూ అనవసరం, కంటికి కనబడే అంచు పలచనైతే చాలు. 1/72 విమానం ఎగ్జాస్ట్ గొట్టం అంచుదీ ఇదే కథ. అక్కడ అర మిల్లీమీటరు అంటే నిజంలో 36 మి.మీ.

భాగాన్ని స్ప్రూ (కిట్ భాగాలను కలిపి ఉంచే ప్లాస్టిక్ చట్రం) నుంచి విడదీయకముందే ఈ పని చేస్తే పట్టుకోవడానికి పట్టు ఉంటుంది. లోపలి వైపు అంతా నల్ల మార్కర్‌తో రంగేయండి, బర్ ఎక్కడ తగిలిందో రంగు పోవడాన్ని బట్టి తెలుస్తుంది. అంచు నుంచి రెండు మిల్లీమీటర్లు ఇవతల పెన్సిల్ గీత గీసి, ఆ గీత దాటి బర్ పోనివ్వకండి. 2 లేదా 2.3 మి.మీ. గుండ్రటి బర్ పెట్టి, వేగం కిందికి దించి, బర్‌ని తాకీ తాకనట్టుగా లాగుతూ పోండి. ఒక్క చోట ఆపొద్దు. రెండు మూడు సెకన్లు తాకించి, ఎత్తి, మరోచోటికి మారి, తిరిగి రండి. నొక్కాలనిపిస్తోందంటే బర్ మొద్దుబారిందనో, పళ్లు నిండిపోయాయనో అర్థం.

బర్ తిరిగే తీరును బట్టి అది ఒక దిక్కుకు దానంతటదే పరుగెత్తాలని చూస్తుంది. దానికి ఎదురుగా లాగండి. అది పోయే దిక్కుకే పోనిస్తే ఒక్కసారిగా జారి అంచుని కొరికేస్తుంది. ఏ దిక్కో ముందు పనికిరాని స్ప్రూ ముక్క మీద చూసుకోవచ్చు.

మధ్యమధ్యలో ముక్కను ఎత్తి ఫోన్ టార్చ్‌కి అడ్డం పెట్టి చూడండి. పలచనైన చోట వెలుగు ఎక్కువగా వస్తుంది. వెలుగు అంతటా ఒకేలా వచ్చిందంటే మందం కూడా ఒకేలా ఉన్నట్టే, ఇంతకంటే మంచి గేజు లేదు. వెలుగు బాగా కనబడే దశకు రాగానే మోటార్ ఆపేయండి. మిగిలిన రెండు మిల్లీమీటర్ల అంచును వంపు బ్లేడుతో గీకి, 400 నంబరు వాటర్ పేపర్‌తో సరిచేయాలి. ఆ చివరి అంచు దగ్గర రోటరీ టూల్ పెట్టడం జూదం.

వేరే పనుల మాట. 1 మి.మీ. లోపు రంధ్రాలకు పిన్ వైస్‌ని (వేళ్లతో తిప్పే చిన్న డ్రిల్) మించింది లేదు. రోటరీ టూల్‌తో వేస్తే ప్లాస్టిక్ కరిగి డ్రిల్ బిట్‌కి చుట్టుకుంటుంది, బిట్ ఎత్తేసరికి అంచు కూడా లేచి వస్తుంది. కాక్‌పిట్ అద్దాలకు మెరుగు పెట్టడం కూడా చేత్తోనే. ఉన్ని బిట్‌తో మెరుపు త్వరగానే వస్తుంది, మబ్బు అంతకంటే త్వరగా వస్తుంది.

కటాఫ్ డిస్క్ ప్లాస్టిక్‌కి కాదు, లోహానికి. విమానం పిటాట్ గొట్టాలకు (గాలి వేగం కొలవడానికి ముందుకు పొడుచుకొచ్చినవి), చిన్న తుపాకుల బారెళ్లకు ఇంజెక్షన్ సూదులు బాగా పనికొస్తాయి. మందుల షాపులో దొరికే సూదుల్లో గులాబీ రంగు 18 గేజ్ బయటి వ్యాసం సుమారు 1.2 మి.మీ., ఆకుపచ్చ 21 గేజ్ 0.8, నీలం 23 గేజ్ 0.6, గోధుమ రంగు 26 గేజ్ 0.45. కొత్తవే కొనండి. నిప్పర్‌తో కత్తిరిస్తే గొట్టం నలిగిపోతుంది, డిస్క్‌తో కోస్తే రంధ్రం గుండ్రంగానే ఉంటుంది. డిస్క్ తిరిగే గీతలో మీ ముఖం ఉండకుండా కాస్త పక్కకు కూర్చోండి. పలచటి డిస్కులు పక్కకు వంగితే పగిలి ఎగురుతాయి.

లేత్ లేకుండా లేత్ పని

గుండ్రటి భాగం కావాలంటే లేత్ కొనాల్సిందేనా? అక్కర్లేదు. 3.2 మి.మీ. స్టైరీన్ కడ్డీ రోటరీ టూల్ కొలెట్‌లో నేరుగా పడుతుంది. 5,000 ఆర్‌పీఎం మీద దాని అంచు వేగం 50 మీటర్లు, హద్దులోనే ఉంది. కడ్డీ 20, 25 మి.మీ. కంటే బయటికి రాకుండా చూడండి. పొడుగ్గా వదిలితే కొస కొట్టుకుని విరిగి ఎగురుతుంది. ఈ టూల్స్ బేరింగులు పక్కనుంచి పెద్ద ఒత్తిడి తట్టుకోలేవు, ఆకురాయి తేలిగ్గానే ఆనించాలి. కిట్ స్ప్రూ కూడా వాడుకోవచ్చు గానీ అది నిజంగా గుండ్రం కాదు. అచ్చు గీత పోయి చుట్టూ ఒకేలా అయ్యేదాకా ముందు సాపు చేసుకోవాలి.

వ్యాసం 6 మి.మీ. దాటితే రోటరీ టూల్ పక్కన పెట్టి కార్డ్‌లెస్ డ్రిల్ తీసుకోండి. అది సున్నా నుంచి మొదలవుతుంది, అదే మనకు కావలసింది. రెండు చెక్క ముక్కల మధ్య పెట్టి బెంచ్ వైస్‌లో, బాడీ పగలనంత బిగువుగా బిగించండి. డ్రిల్ మీ ఎడమ వైపున, చక్ కుడివైపుకి చూసేలా ఉంటే, ముందుకు తిరిగేటప్పుడు ముక్క పై అంచు మీ వైపుకు వస్తుంది. ఆకురాయిని పైన ఆనించి అవతలికి తోస్తారు. ఎడమ చెయ్యి ట్రిగ్గర్ మీద, కుడి చెయ్యి ఆకురాయి మీద. ట్రిగ్గర్‌ను ట్యాగ్‌తో కట్టేసి రెండు చేతులూ ఖాళీ చేసుకునే చిట్కా వీడియోల్లో కనిపిస్తుంది. వద్దు, ఏదైనా ఇరుక్కుంటే ఆపడానికి చెయ్యి దొరకదు. పిడి లేని ఆకురాయి తోక అరచేతిలో దిగుతుంది, అదీ వద్దు.

అసలు లేత్ ఉంటే

ప్రాక్సాన్, షెర్లైన్ లాంటి బల్ల మీది లేత్‌లు సరదా పనికి చాలా ఎక్కువే. చెక్క పని లేత్‌లో పనిముట్టును చేత్తో ఆనించి పట్టుకుంటాం, మెటల్ లేత్‌లో క్రాస్ స్లైడ్ (పనిముట్టును బిగించి అడ్డంగా జరిపే భాగం) పట్టుకుంటుంది. ఒకే కొలత ముక్కలు నాలుగు కావాలంటే రెండోదే సుఖం.

టూల్ మొన సరిగ్గా ముక్క మధ్య ఎత్తులో ఉండాలి. మొనకూ కడ్డీకీ మధ్య పలచటి స్టీలు స్కేలు పెట్టి తేలిగ్గా అదిమితే, స్కేలు నిటారుగా నిలిస్తే ఎత్తు సరిపోయినట్టు. ఎటో ఒక వైపు వాలితే టూల్ కింద రేకు ముక్కలు పెట్టో తీసో సరిచేయాలి. మూడు దవడల చక్‌ని ఇనుముకు బిగించినట్టు బిగిస్తే స్టైరీన్ నొక్కుకుపోతుంది. చుట్టూ మాస్కింగ్ టేప్ ఒక చుట్టు వేసి, జారనంత బిగిస్తే చాలు. 12 మి.మీ. ముక్కకు 800 ఆర్‌పీఎం అంటే 30 మీటర్ల లెక్కకు సరిపోతుంది. ఒక్కో కోత 0.1, 0.2 మి.మీ. మించొద్దు. షీటు, కడ్డీల్లో ఉండే రకం స్టైరీన్ నుంచి పొట్టు పలచటి రిబ్బన్‌లా చుట్టలు చుట్టుకుంటూ వస్తే అన్నీ బాగున్నట్టు. తీగలు సాగుతూ టూల్‌కి అతుక్కుంటే వేడి ఎక్కువైంది, లేదా మొనకు సాన పట్టాలి.

ఒక పూర్తి పని: ప్రొపెల్లర్ స్పిన్నర్

విశాఖ బీచ్ రోడ్డులో ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 విమానం ఉంది. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కి ఎదురెదురు దిక్కుల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు. ప్రతి జత ముందూ సూదిగా సాగిన స్పిన్నర్, అంటే ప్రొపెల్లర్ మధ్యభాగాన్ని కప్పే టోపీ. లేత్ నేర్చుకోవడానికి దీన్ని మించిన ఆకారం లేదు, పైగా దగ్గరికెళ్లి ఫొటో తీసుకోవచ్చు. సరిగ్గా పక్కనుంచి, దూరం నిలబడి, జూమ్ చేసి తీయండి. దగ్గర నుంచి వైడ్‌లో తీస్తే ముక్కు సాగిపోయి కనబడుతుంది.

కొలత తేలికే. నిజం కొలతను స్కేలుతో భాగించడం. 900 మి.మీ. వ్యాసం 1/72లో 12.5 మి.మీ. అవుతుంది. ఫొటోను ఆ కొలతకు ప్రింట్ తీసి పాత ఏటీఎం కార్డు మీద అతికించి, స్పిన్నర్ సగం ఆకారాన్ని కార్డులోంచి కోసి తీసేయండి. మిగిలిన ఖాళీయే టెంప్లేటు.

తర్వాత దిమ్మ. అంత లావు కడ్డీ దొరక్కపోతే 2 మి.మీ. స్టైరీన్ షీటు నుంచి 15 మి.మీ. చదరాలు కోసి, మధ్యలో 3 మి.మీ. రంధ్రం వేసి, 60 మి.మీ. పొడవున్న 3 మి.మీ. ఇత్తడి కడ్డీకి గుచ్చండి. ముక్కు వైపు వచ్చే రెండు మూడు చదరాలకు రంధ్రం వద్దు. చదరాలను ఒకదానికొకటి ప్లాస్టిక్ సిమెంట్‌తోనే (ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి అతికించే జిగురు) అతికించండి. తొందరపడి ఫెవిక్విక్ వాడితే, ఆరాక ఆ గీత స్టైరీన్ కంటే గట్టిగా ఉంటుంది. సాండ్‌పేపర్ పట్టినప్పుడు ప్లాస్టిక్ అరిగి, జిగురు గీతలు ఉంగరాల్లా పైకి తేలతాయి. ఇత్తడి కడ్డీని మాత్రం ఆకురాయితో గరుకు చేసి అరాల్డైట్‌తో బిగించాలి. ఆపైన క్లాంపులో పెట్టి కనీసం మూడు రోజులు వదిలేయండి. పైకి ఆరినట్టున్నా పొరల మధ్య సిమెంట్ ఇంకా తడిగానే ఉంటుంది. అప్పుడు తిప్పితే మధ్యభాగం మెత్తగా నలుగుతుంది. ఈ ఇత్తడి కడ్డీయే చివర్లో ప్రొపెల్లర్ ఇరుసు అవుతుంది.

ఎండాక మూలలు నిప్పర్‌తో తీసేసి, డ్రిల్ చక్‌లో బిగించి, మెల్లగా తిప్పుతూ గరుకు ఆకురాయితో ముందు స్థూపం చేయండి. ఆకారం గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. 13 మి.మీ. వచ్చేదాకా చుట్టూ సమం కావడమే పని. మోటార్ ఆపి వెర్నియర్ కాలిపర్‌తో మూడు చోట్ల కొలవండి. తిరుగుతున్న ముక్కకు కాలిపర్ ఆనిస్తే దాని దవడలూ పోతాయి, ముక్కా పోతుంది.

ఇప్పుడు తిప్పుతూ పెన్సిల్ మొన ఆనిస్తే చుట్టూ గీత పడుతుంది. టెంప్లేటు చూసి ప్రతి 4 మి.మీ.కి ఒక గీత పెట్టుకుని, ఒక్కో గీత దగ్గర వ్యాసం ఎంతుండాలో కాగితం మీద రాసుకోండి. సన్నటి చదరపు ఆకురాయితో గీత గీతకూ ఆ వ్యాసం దాకా గాడి చేయండి, ఒక్కో చోటా 0.3 మి.మీ. ఎక్కువ వదిలి. మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఆ మెట్ల మూలలు కొట్టుకుంటూ పోతే ఆకారం దానంతటదే బయటపడుతుంది. కంటి అంచనాతో ఒకేసారి శంకువు ఆకారం తీయబోతే ముక్కు దగ్గర ఎప్పుడూ ఎక్కువ పోతుంది.

మెట్లు పోయాక 240, 400, 600 వాటర్ పేపర్లు. పేపర్‌ను చిన్న చెక్క పుల్లకు అతికించి వాడండి. వేలికి చుట్టి గానీ, ముక్క చుట్టూ తిప్పి గానీ పట్టుకోవద్దు. ప్రతి రెండు నిమిషాలకూ ఆపి టెంప్లేటు ఆనించి వెలుగుకు పెట్టి చూడండి. ముందు, వెనక ప్రొపెల్లర్లను విడదీసే గీతను చివర్లో, తిప్పుతూనే సన్న రంపపు అంచుతో గీస్తే అచ్చంగా గుండ్రంగా వస్తుంది. చేత్తో అంత శుభ్రంగా గీయలేం.

నాలుగూ ఇలాగే చేయాలా? రెండు దాకా చేయొచ్చు. నాలుగంటే ఒక్కటి బాగా చేసి, సిలికాన్ అచ్చు తీసి రెసిన్‌లో పోసుకోవడం తెలివైన దారి. రెసిన్ నకళ్లు అసలుదాని కంటే వెంట్రుకవాసి చిన్నగా వస్తాయి కాబట్టి, విమానానికి నాలుగూ నకళ్లే పెట్టండి. అసలుదాన్ని వాటితో కలపకుండా దాచుకోండి.

సన్నగా, పొడుగ్గా ఉండేవి

కుర్సురా పెరిస్కోపుల్లాంటి భాగాలు లేత్‌కి పరీక్ష. చక్ నుంచి బయటికొచ్చిన పొడవు వ్యాసానికి నాలుగు రెట్లు దాటితే కొస ఊగడం మొదలవుతుంది. టెయిల్‌స్టాక్ (చక్‌కి ఎదురుగా ఉండే ఆధారం) ఉంటే దాని సెంటర్‌తో, అంటే మొనతో, కొస పట్టుకోండి. లేకపోతే కొస నుంచి వెనక్కి పని చేయండి. కొద్దిగానే బయటికి తీసి కొసను పూర్తిగా ముగించి, మరికొంత బయటికి లాగి తర్వాతి భాగం చేయాలి. 1 మి.మీ. కంటే సన్నం కావాలంటే ప్లాస్టిక్‌తో కుస్తీ మానేసి ఇత్తడి తీగో, పైన చెప్పిన సూదో వాడండి.

లోపల రంధ్రం కావాలంటే ఆకారం తీయకముందే వేయాలి. ముక్కను మెల్లగా తిప్పుతూ, డ్రిల్ బిట్ ఉన్న పిన్ వైస్‌ని వదులుగా చేత్తో పట్టుకుని కొసకు ఆనిస్తే బిట్ తనంతట తాను మధ్యకు చేరుకుంటుంది.

పని అయ్యాక

బర్ పళ్లలో ఇరుక్కున్న ప్లాస్టిక్‌ను ఇత్తడి వైరు బ్రష్‌తో తీయండి. కరిగి అంటుకున్నదైతే ఒక మూతలో లాక్కర్ థిన్నర్ పోసి కాసేపు నానబెడితే ఊడుతుంది. థిన్నర్ ఆవిరి మండుతుంది. కార్బన్ బ్రష్‌ల మోటార్లలో లోపల నిప్పురవ్వలు వస్తాయి కాబట్టి, ఆ మూత బల్ల మీద ఉండగా టూల్ ఆన్ చేయొద్దు.

తిప్పి చేసిన ముక్క మీద గీతలు చుట్టూ ఉంగరాల్లా ఉంటాయి. కంటికి కనబడవు గానీ మెటాలిక్ పెయింట్ పడగానే గ్రామఫోన్ రికార్డులా మెరుస్తాయి. అందుకే చక్‌లోంచి తీసేముందు మోటార్ ఆపి, 1000 నంబరు పేపర్‌తో ముక్కు నుంచి వెనక్కి నిలువుగా రుద్దండి. గ్రే ప్రైమర్ ఒక పలచటి కోటు కొట్టి చూసి, ఇంకా ఉంగరాలు కనిపిస్తే మళ్లీ నిలువుగా రుద్ది ఇంకో కోటు వేయండి. స్పిన్నర్ ఇంకా ఇత్తడి కడ్డీ మీదే ఉంటుంది కాబట్టి, దాన్నే పిడిగా పట్టుకుని ప్రైమర్ కొట్టొచ్చు. కడ్డీని కావలసిన పొడవుకు కోయడం రంగులన్నీ ఆరాకే.